25 మైక్రాన్ల రాగి ఫాయిల్ రివ్యూ: గ్రాఫీన్ పెంచేవాళ్లకి 99.8 శాతం చాలా?

గ్రాఫీన్ (ఒకే అణువు మందం ఉండే కార్బన్ పొర) పెంచే పనికి రాగి ఫాయిల్ ఆర్డర్ పెట్టేటప్పుడు అందరి కళ్లూ ముందు స్వచ్ఛత గడి మీదికే పోతాయి. 99.8 శాతానికి ఒక ధర, 99.999 శాతానికి దానికి ఎన్నో రెట్లు. తొమ్మిదులు పెరిగేకొద్దీ ఫిల్మ్ బాగుపడుతుందన్న లెక్కతో ఉన్న బడ్జెట్ అంతా అక్కడే పోస్తారు. తీరా చూస్తే ఫిల్మ్‌ని ఎక్కువగా పాడుచేసేది రాగి లోపలున్న 0.2 శాతం మలినం కాదు. పైనున్న నానోమీటర్ల మందం పూత, రోలింగ్ గీతలు, ఎవరివో వేలిముద్రలు.

ఇక్కడ చూస్తున్న సరుకు 25 మైక్రాన్ల మందం, 99.8 శాతం రాగి, రోలింగ్ చేసి అనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరిచిన) మామూలు ఫాయిల్. పేపర్లలో తరచూ కనిపించే ‘ఆల్ఫా ఏసర్ 13382’ ఈ కోవలోదే. ఆ బ్రాండు ఇప్పుడు థర్మో ఫిషర్ చేతిలో ఉంది. ఇవే కొలతలతో అమ్మే కంపెనీలు ఇంకా ఉన్నాయి కాబట్టి కింద చెప్పేది ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు, ఈ రకం రేకు గురించి. ఒకే పొర గ్రాఫీన్ ఖాళీల్లేకుండా పరుచుకోవాలి, తర్వాత దాన్ని గాజు మీదికో సిలికాన్ మీదికో మార్చుకోవాలి అనేవాళ్లకి ఇది చాలు. ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కూ పైపూతకే.

ఫర్నేస్‌లో వేడెక్కిన రాగి మీదికి మీథేన్ వదిలితే అందులోని కార్బనే గ్రాఫీన్‌గా పెరుగుతుంది. అసలు ఈ పనికి రాగే ఎందుకంటే, అది కార్బన్‌ని లోపలికి దాదాపు రానివ్వదు. నికెల్ అలా కాదు. వేడి మీద కార్బన్‌ని తనలో కరిగించుకుని, చల్లారేటప్పుడు పైకి కక్కుతుంది. వేడి పాకంలో కరిగిన చక్కెర చల్లారాక గింజలు కట్టినట్టే, ఎక్కడెంత వస్తుందో చేతిలో ఉండదు: ఒకచోట ఒక పొర, పక్కనే ఏడెనిమిది. రాగి మీద మీథేన్ పైపైనే విడిపోతుంది, కార్బన్ పైపైనే కూడుకుంటుంది. ఒకసారి పొర మూసుకుంటే మీథేన్‌ని విడగొట్టే రాగి ఇక బయట మిగలదు, కాబట్టి పెరుగుదల దానంతటదే ఆగుతుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాడ్నీ రూఆఫ్ బృందం 2009లో ‘సైన్స్’ పత్రికలో చూపించింది ఇదే. 25 మైక్రాన్ల రాగి రేకు, వెయ్యి డిగ్రీల వరకు వేడి, మీథేన్, హైడ్రోజన్. వైశాల్యంలో 95 శాతానికి పైగా ఒకే పొర. మరుసటి ఏడాది దక్షిణ కొరియాలో సుంగ్‌క్యున్‌క్వాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 8 అంగుళాల క్వార్ట్‌జ్ ట్యూబులో రేకుని చుట్టి పెట్టి 30 అంగుళాల ఫిల్మ్ తీశారు. అప్పటినుంచి ఈ మందం ఒక అలవాటులా స్థిరపడిపోయింది.

ప్యాకెట్ విప్పగానే

మొదట తూకం వేయండి. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకి 8.96 గ్రాములు. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క సరిగ్గా 25 మైక్రాన్లుంటే 2.24 గ్రాములు తూగాలి. పదో వంతు అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 1.8 గ్రాములే వచ్చిందంటే చేతిలో ఉన్నది 20 మైక్రాన్ల రేకు, మీథేన్ సంగతి దేవుడెరుగు, అది ఫర్నేస్‌లో పడుకునే తీరే వేరుగా ఉంటుంది. స్క్రూగేజీ కంటే ఈ తూకమే నమ్మకం, ఎందుకంటే గేజీ మొన మెత్తటి రాగిని నొక్కేస్తుంది.

రెండోది, రేకు ఎలా వచ్చిందన్నది. అట్టల మధ్య బల్లపరుపుగా వచ్చిందా, గొట్టానికి చుట్టి వచ్చిందా? చుట్టలో వస్తే మడత గుర్తులు మిగులుతాయి. అనీల్ చేసిన రాగి వెన్నలా మెత్తన, చిటికెన వేలి గోరు తగిలినా సొట్ట పడుతుంది. ఆ సొట్ట మొదట ఏమీ చేయదు. గ్రాఫీన్ బాగానే పెరుగుతుంది. చివర్లో రాగిని కరిగించి ఫిల్మ్‌ని చదునైన సిలికాన్ మీద పరచబోతే, సొట్ట ఉన్నచోట ఫిల్మ్ కిందికి ఆనదు, అక్కడే చిరుగుతుంది. మైక్రోస్కోపులో గీతలు గీతలుగా కనిపించే చిరుగుల్లో చాలావాటికి మూలం ఫర్నేస్ కాదు, ఈ ప్యాకింగే. ఆర్డర్‌లోనే ‘చుట్టకుండా, అట్టల మధ్య’ అని రాయించుకోవడం మేలు.

ముక్కలు చేయడానికి కత్తెర వద్దు. అంచు వంగి బరక తేలుతుంది. కాగితాలు కోసే రోటరీ బ్లేడు కింద శుభ్రమైన కాగితం వేసి, పైన ఇంకో కాగితం పెట్టి కోస్తే అంచు నున్నగా వస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. పౌడర్ ఉన్న గ్లవ్స్ అసలు వద్దు. వంగిన ముక్కని రెండు శుభ్రమైన గాజు పలకల మధ్య పెట్టి అదిమితే చాలావరకు సరిపోతుంది.

పైపూత సంగతి

ఈ రేకు మీద అసలు ఫిర్యాదు ఇక్కడే. రాగికి గాలి తగిలితే చిలుము పడుతుంది కాబట్టి, గోదాముల్లో నెలలపాటు మెరుపు పోకుండా ఉండాలని కొన్ని రకాల రేకుకి తయారీలోనే పలచటి రక్షణ పూత వేస్తారు. క్రోమియం ఆక్సైడ్ ఒక రకం, బెంజోట్రయాజోల్ లాంటి సేంద్రియ పూత ఇంకో రకం. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లకి అది వరం. గ్రాఫీన్ పెంచేవాళ్లకి మాత్రం శాపం. వేడెక్కాక క్రోమియం పూత ముక్కలై చిన్న చిన్న రేణువులుగా మిగులుతుంది. ప్రతి రేణువూ ఒక మొలక. గ్రాఫీన్ అక్కడ ముందుగా, గుంపుగా మొలుస్తుంది, చాలాచోట్ల రెండో పొర, మూడో పొర కూడా దాని చుట్టే వేస్తుంది. స్వచ్ఛత అంకె ఈ విషయం చెప్పదు. 99.8 అనేది లోహం లెక్క, పూత అందులోకి రాదు. ఒకే మందం, ఒకే స్వచ్ఛత, పక్కపక్క కేటలాగ్ నంబర్లు: ఒకటి పూతతో, ఒకటి పూత లేకుండా. పేరులో చివరనుండే ఆ ఒక్క మాట చదవకుండా ఆర్డర్ పెడితే నెలరోజుల పని బూడిదలో పోసినట్టే.

లేబుల్ మీద నమ్మకం లేకపోతే తేలిక పరీక్ష ఒకటుంది. మూలన ఒక సెంటీమీటరు ముక్క కోసి, అసిటోన్‌తో తుడిచి, 180 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పది నిమిషాలు ఉంచండి. పూత లేని రాగి మొదట నారింజ రంగులోకి, తర్వాత ముదురు ఎరుపులోకి, ఊదాలోకి తిరుగుతుంది. పూత ఉన్నది తళతళలాడుతూ అలాగే ఉంటుంది, లేదా బాగా ఆలస్యంగా రంగు మారుతుంది. ఇక్కడ మెరుపు చూసి మురిసిపోకూడదు, మెరుస్తోందంటే అది మనకి పనికిరాని రకం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోని ఈడీఎస్‌తో (ఎక్స్-కిరణాలతో మూలకాలని గుర్తించే సాధనం) క్రోమియం కోసం వెతకడం దండగ, పూత అంత పలచన. చూడాలంటే పై కొద్ది నానోమీటర్లనే పరీక్షించే ఎక్స్‌పీఎస్ కావాలి.

పూత ఉన్న రేకు ఇప్పటికే కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. సుమారు 5 శాతం నైట్రిక్ ఆమ్లంలో అర నిమిషం నుంచి నిమిషం ముంచి తీస్తే పైపొర పోతుంది. తర్వాత డీఅయనైజ్డ్ నీళ్లలో మూడుసార్లు కడగాలి. ఎక్కువసేపు ఉంచితే రాగి మీద గుంటలు పడతాయి, రేణువుల బెడద పోయి గుంటల బెడద మొదలవుతుంది. ఇంకో జాగ్రత్త: అసిటోన్‌తో కడిగిన రేకుని నీళ్లలో కడగకుండా నేరుగా నైట్రిక్‌లో పెట్టకూడదు. అసిటోన్, నైట్రిక్ ఆమ్లం కలిస్తే పేలే ప్రమాదం ఉంది. వాడేసిన ఆ రెండింటినీ ఒకే సీసాలో పోయడం ఇంకా పెద్ద పొరపాటు.

కడగడం

పూత లేని రేకుకి ఇంత హడావుడి అక్కర్లేదు. అసిటోన్‌లో ఐదు నిమిషాలు, ఐసోప్రొపనాల్‌లో ఐదు నిమిషాలు, నీళ్లు, తర్వాత గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంలో పది నిమిషాలు, మళ్లీ నీళ్లు, నైట్రోజన్‌తో ఆరబెట్టడం. అసిటిక్ ఆమ్లం చేసే పని ఇంట్లో రాగి చెంబుని చింతపండుతో తోమినట్టే: ఆక్సైడ్‌ని కరిగిస్తుంది, కింది లోహాన్ని అంతగా తినదు. అల్ట్రాసౌండ్ తొట్టిలో పెడితే మాత్రం తక్కువ పవర్‌లోనే, లేకపోతే రేకు నలుగుతుంది. కడిగిన రేకుని అదే రోజు ఫర్నేస్‌లోకి ఎక్కించాలి. విశాఖ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో కడిగి బల్లమీద వదిలేసిన ముక్క మర్నాటికల్లా మసకబారుతుంది.

రోలింగ్ గీతలు ఈ రేకులో రెండో లోపం. టార్చి వెలుగు ఏటవాలుగా వేసి చూడండి, ఒకే దిక్కుగా దువ్వెనతో దువ్వినట్టు సన్నటి చారలు. మొలకలు ఆ చారల వెంబడే వరుస కడతాయి. ఫిల్మ్ పూర్తిగా మూసుకునేవరకు పెంచితే ఇది పెద్ద నష్టం కాదు. పెద్ద పెద్ద విడి స్ఫటికాలు కావాలంటే మాత్రం ఎలక్ట్రోపాలిష్ (కరెంటుతో పైపొరని కరిగించి నునుపు చేయడం) చేయక తప్పదు. పాళ్లు ఇవి: నీళ్లు 100 మిల్లీలీటర్లు, ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం 50, ఇథనాల్ 50, ఐసోప్రొపనాల్ 10, యూరియా 1 గ్రాము. రేకు ధన ధ్రువం, ఎదురుగా మరో రాగి పలక రుణ ధ్రువం, 5 వోల్టులు, ఒక నిమిషం. అంచుల దగ్గర కరెంటు గుమికూడి అక్కడ రేకు ముందు కరిగిపోతుంది, 25 మైక్రాన్లే కాబట్టి కొరికినట్టు అయిపోతుంది. కావలసినదాని కంటే చుట్టూ అర సెంటీమీటరు ఎక్కువ కోసుకుని, పాలిష్ అయ్యాక ఆ అంచు తీసేయండి.

ఫర్నేస్‌లో దీని నడత

రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గ్రాఫీన్ పెంచేది 1000 నుంచి 1050 మధ్య. అంటే చేతిలో ఉన్న వెసులుబాటు కొద్దే, ఇక ఫర్నేస్ తెర మీద కనిపించే అంకెకీ ట్యూబు లోపలి నిజమైన వేడికీ 20, 30 డిగ్రీల తేడా ఉండడం మామూలే. కొత్త ఫర్నేస్‌ని సరిచూడడానికి వెండి తీగ ముక్క మంచి సాధనం. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న అల్యూమినా పడవలో ముక్క పెట్టి, ఆర్గాన్‌లో, తెర మీద 950, 960, 970 అంటూ రోజుకొక మెట్టు ఎక్కిస్తూ చూడండి. ఏ అంకె దగ్గర తీగ గుండుగా మారిందో అదే మీ తేడా. ఈ పని పాత ట్యూబులోనే చేయాలి, వెండి ఆవిరి కొత్త ట్యూబుకి అంటనివ్వకూడదు.

ఒక అంగుళం ట్యూబుకి ఇదీ పద్ధతి. ముందు పంపు వేసి ప్రెజర్‌ని 10 మిల్లీటార్ (పీడనం కొలత) కిందికి దించి, వాల్వు మూసి పది నిమిషాలు చూడాలి. ప్రెజర్ చకచకా పెరుగుతోందంటే లీకుంది, ఆ రోజు పని అక్కడితో ఆపేయాలి. తర్వాత కొద్ది హైడ్రోజన్‌లో వేడెక్కించి, 1000 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట అనీల్. రాగి గింజలు (లోహంలోని చిన్న చిన్న స్ఫటికాలు) మైక్రాన్ల సైజు నుంచి వందల మైక్రాన్లకి పెరిగేది ఈ దశలోనే. బయటికి తీశాక రేకుని వెలుతురులో అటూ ఇటూ వంచితే గచ్చు పలకల్లా గింజలు ఒక్కొక్కటి ఒక్కో రకంగా మెరుస్తాయి, కంటితోనే కనిపిస్తాయి. అలా కనిపించకపోతే అనీల్ చాలలేదని లెక్క. ఆ తర్వాత మీథేన్ 35 ఎస్‌సీసీఎం (నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్ల గ్యాస్ అన్న కొలత), హైడ్రోజన్ 2 ఎస్‌సీసీఎం, మొత్తం ప్రెజర్ 500 మిల్లీటార్ దగ్గర పది నుంచి ముప్పై నిమిషాలు. 2009 నాటి గ్యాస్ పాళ్లు కూడా ఇవే. ఇప్పటికీ మొదటి రన్‌కి ఇంతకంటే మంచి మొదలు లేదు.

వాక్యూమ్ పంపు లేకుండా వాతావరణ పీడనంలో పెంచేవాళ్లూ ఉన్నారు. కుదురుతుంది, కాకపోతే మీథేన్‌ని ఆర్గాన్‌లో బాగా పలచన చేయాలి. లేకపోతే ‘దానంతటదే ఆగుతుంది’ అన్న సూత్రం చెల్లదు, పొర మీద పొర ఎక్కుతుంది.

ఈ వేడిలో రేకు మెత్తబడి, దేని మీద ఆనితే దానికి అతుక్కుంటుంది. నేరుగా క్వార్ట్‌జ్ మీద పడుకోబెడితే తీసేటప్పుడు ముడత ఖాయం. రెండు రాగి ముక్కలు ఒకదాన్నొకటి తాకితే అక్కడే వెల్డింగ్ చేసినట్టు కలిసిపోతాయి. మధ్యలో గ్రాఫైట్ షీటు పెడితే ఈ గొడవ ఉండదు. ఏ మద్దతూ తాకకుండా రేకుని వేలాడదీసి కరిగే వేడికి దగ్గరగా అనీల్ చేస్తే మొత్తం రేకే ఒకే స్ఫటికంగా మారుతుందని 2018లో, అప్పటికి కొరియాకి మారిన రూఆఫ్ బృందమే చూపించింది. అది ఈ మామూలు రేకు నుంచి ఆశించాల్సిన పని కాదులెండి, కానీ తాకకుండా ఉంచడం ఎందుకు మేలో దాన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకొకటి, రాగి ఆవిరవుతుంది. 1017 డిగ్రీల దగ్గర దాని ఆవిరి పీడనం సుమారు పదివేలవ వంతు టార్. అంకె చిన్నదే, తక్కువ ప్రెజర్‌లో గంటలు గడిస్తే మాత్రం ట్యూబు చల్లటి కొనకి అద్దంలా రాగి పూత పడుతుంది. అది పెచ్చులూడి రేకు మీద పడుతుంది. ట్యూబు లోపల ఇంకో సన్నటి క్వార్ట్‌జ్ గొట్టం దూర్చి, రేకుని అందులో పెట్టి, ఆ లోపలి గొట్టాన్ని అప్పుడప్పుడు మార్చుకుంటే చవకలో పోతుంది. రేకుని కవరులా మడిచి అంచులు నొక్కేసి, లోపలి వైపు పెరిగిన గ్రాఫీన్ వాడుకోవడం ఇంకో ఉపాయం. రాగి బయటికి పోలేదు, మీథేన్ కూడా కొద్దికొద్దిగానే లోపలికి వస్తుంది, మొలకలు తక్కువై ఒక్కొక్కటి అర మిల్లీమీటరు వరకు పెరుగుతుంది. మడవడానికి 25 మైక్రాన్లు సరిగ్గా సరిపోతుంది, 100 మైక్రాన్ల రేకుతో ఈ పని చేయలేరు.

మీద తెల్లటి చుక్కలు వస్తే అది రేకు తప్పు కాదు. క్వార్ట్‌జ్ ట్యూబు పాతబడి లోపలి గోడ పొడిపొడిగా రాలుతోందని అర్థం. ఆ సిలికా రేణువులు ఎచింగ్‌కి (రాగిని కరిగించే పనికి) కరగవు, చివరి దాకా ఫిల్మ్‌తోనే వస్తాయి. కొత్త రేకు తెప్పించి, మళ్లీ చుక్కలు చూసి, ఇంకో కంపెనీ రేకు తెప్పించే ముందు ట్యూబు లోపలికి టార్చి వేసి చూడండి.

చల్లార్చేటప్పుడు ఫర్నేస్‌ని పక్కకి జరిపి రేకున్న చోటు త్వరగా చల్లబడనివ్వాలి. ట్యూబు 100 డిగ్రీల కిందికి రాకముందే గాలి వదిలితే, గ్రాఫీన్ గింజల సరిహద్దుల్లోంచి ఆక్సిజన్ దూరి రాగి ఎర్రబారుతుంది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరినా అంటుకుంటుంది. పంపు నుంచి వచ్చే గొట్టం గదిలోకి కాదు, బయటికి పోయే ఎగ్జాస్టులోకి వెళ్లాలి.

ఫిల్మ్ వచ్చిందా లేదా

పైన చెప్పిన హాట్‌ప్లేటు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది, ఈసారి మెరుపు మంచి గుర్తు. పెంచిన రేకు మూల ముక్కని 180 డిగ్రీల మీద పది నిమిషాలు పెడితే గ్రాఫీన్ కప్పినచోట రాగి రంగు మారదు, ఖాళీ ఉన్నచోట ఎర్రబడుతుంది. మామూలు మైక్రోస్కోపు కింద పెడితే విడి స్ఫటికాలు ఆరు కోణాల పువ్వుల్లా, నక్షత్రాల్లా ఎర్ర నేల మీద తెల్లగా తేలతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దాకా పోకుండానే ఎంత మేర కప్పిందో, మొలకలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్క తేలిపోతుంది. రేకు మీద ఎవరిదైనా వేలిముద్ర ఉంటే అది కూడా ఇక్కడే బయటపడుతుంది, రేఖలతో సహా. ఈ మెరుపు చూసి గ్రాఫీన్ రాగికి శాశ్వత కవచం అనుకోవద్దు. నెలల తరబడి తేమలో ఉంచితే గ్రాఫీన్ కప్పిన రాగే ఎక్కువ తుప్పు పడుతుంది, ఎందుకంటే గ్రాఫీన్ విద్యుత్తుని మోస్తుంది, రంధ్రాల దగ్గర గాల్వానిక్ చర్య (బ్యాటరీలోలా రాగి తినుకుపోవడం) మొదలవుతుంది.

రామన్ పరీక్షలో (లేజర్ వెలుగు చెదిరే తీరుని చూసేది) చూడాల్సినవి మూడు శిఖరాలు, అంకెలు సెం.మీ.⁻¹లో. 1350 దగ్గర డీ, 1580 దగ్గర జీ, 2700 దగ్గర 2డీ. సిలికాన్ మీదికి మార్చాక 2డీ ఎత్తు జీకి రెండింతలు దాటి, వెడల్పు 35 లోపు ఉంటే ఒకే పొర. డీ ఎత్తుగా ఉంటే లోపాలున్నట్టు. రాగి మీదే చూడాలంటే 532 నానోమీటర్ల లేజర్‌కి రాగి సొంత వెలుగు అడ్డొస్తుంది, గీత కొండలా పైకి వంగిపోతుంది. 457 లేదా 488 నీలి లేజర్ ఉంటే అది వాడండి.

రాగి నుంచి విడదీయడం

రేకు మందం ఇక్కడ డబ్బు లెక్కగా మారుతుంది. గ్రాఫీన్‌కి ఆసరాగా పీఎంఎంఏ (ఒక పారదర్శక ప్లాస్టిక్) 4 శాతం ద్రావణాన్ని రేకు మీద వేసి నిమిషానికి 3000 చుట్లతో ఒక నిమిషం స్పిన్ చేసి ఆరబెట్టాలి. గ్రాఫీన్ రెండు వైపులా పెరుగుతుందని చాలామంది మర్చిపోతారు. వెనక వైపుది ఆక్సిజన్ ప్లాస్మాతో తీసేయకపోతే, రాగి కరిగాక ఆ పొర బూడిద రంగు పీలికలుగా విడిపోయి పై పొర అడుగున అంటుకుంటుంది.

కరిగించడానికి అమ్మోనియం పర్‌సల్ఫేట్ 0.1 మోలార్, అంటే లీటరుకి 22.8 గ్రాములు. రెండు సెంటీమీటర్ల చదరపు ముక్కలో రాగి సుమారు 90 మిల్లీగ్రాములు, 1.41 మిల్లీమోల్‌లు. ఒక అణువు రాగికి ఒక పర్‌సల్ఫేట్ కాబట్టి కనీసం 14 మిల్లీలీటర్లు కావాలి. 50 పోయండి. లెక్క వేయకుండా చిన్న పెట్రీ డిష్‌లో పది మిల్లీలీటర్లు పోసి, రాత్రంతా ఉంచినా కరగలేదని రేకుని తిట్టేవాళ్లుంటారు. ద్రావణం మెల్లగా లేత నీలంలోకి తిరుగుతుంది, తెల్లారేసరికి రాగి మాయమై, సబ్బు బుడగ మీది రంగులతో పలచటి చదరం నీటి మీద తేలుతుంది. ఫెరిక్ క్లోరైడ్ త్వరగా తింటుంది, కానీ దాని గోధుమ రంగులో ఫిల్మ్ ఎక్కడుందో కనిపించదు, ఇనుము మరకలు కూడా మిగులుతాయి. తొందర లేకపోతే పర్‌సల్ఫేటే.

ఫిల్మ్‌ని శుభ్రమైన గాజు పలకతో ఎత్తి మూడు నీళ్లలో మార్చి, సిలికాన్ మీదికి తీసుకుని, ఏటవాలుగా నిలబెట్టి నీరు దిగనివ్వాలి. ఆరాక ఇంకో చుక్క పీఎంఎంఏ వేస్తే మొదటి పొర సడలి కిందికి ఆనుతుంది, చిరుగులు తగ్గుతాయి. చివరికి అసిటోన్. రాగిని కరిగించకుండా సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రేకుని రుణ ధ్రువంగా పెట్టి, హైడ్రోజన్ బుడగలతో ఫిల్మ్‌ని ఊడదీసే పద్ధతీ ఉంది. నిమిషాల్లో అయిపోతుంది, రేకు మళ్లీ వాడొచ్చు. కానీ 25 మైక్రాన్ల రేకు ఆ లాగుళ్లకి వంగిపోతుంది, దానికి 50 మైక్రాన్లు నయం.

మిగతా రేకుల మాట

99.999 శాతం రేకు పెద్ద స్ఫటికాల మీద పరిశోధన చేసేవాళ్లకే. మూసుకున్న ఫిల్మ్‌కి దాంతో వచ్చే తేడా, ఎలక్ట్రోపాలిష్‌తో వచ్చే తేడా కంటే తక్కువ. బ్యాటరీల్లో వాడే 9, 10 మైక్రాన్ల ఎలక్ట్రోడిపాజిటెడ్ (కరెంటుతో ద్రావణంలోంచి పేర్చి చేసిన) ఫాయిల్ చవక, కానీ ముట్టుకుంటే నలుగుతుంది, దానికి క్రోమేట్ పూత మామూలు. 35 మైక్రాన్ల సర్క్యూట్ బోర్డు ఫాయిల్‌కి ఒక వైపు నున్నన, ఇంకో వైపు గరుకు. నున్నటి వైపే వాడుకోవాలి, అదీ పూత తీశాకే.

రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో దొరికే రాగి షిమ్ రేకుతో కానిచ్చేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. దాని స్వచ్ఛత 99.9 శాతం ఉండొచ్చు, అంకె చూస్తే మన రేకు కంటే మెరుగే! చిక్కు ఆక్సిజన్‌తో. మామూలు విద్యుత్ రాగిలో 0.02 నుంచి 0.04 శాతం ఆక్సిజన్ రాగి ఆక్సైడ్ రూపంలో ఉంటుంది. వెయ్యి డిగ్రీల దగ్గర హైడ్రోజన్ లోపలికి దూరి దాంతో కలిసి నీటి ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి బయటికి పోలేక రాగిని లోపలినుంచి పొడుస్తుంది. బుడగలు, పగుళ్లు, పెళుసుతనం. కొంటే ఆక్సిజన్ లేని రాగి, సీ10200 గ్రేడు అని రాసున్నదే కొనాలి, అందులో ఆక్సిజన్ పది లక్షల్లో పది వంతులకి మించదు. జిగురున్న రాగి టేపు గురించి అడగనే వద్దు, ఆ జిగురు మాడి ట్యూబంతా మసి చేస్తుంది.

ఆర్డర్‌లో రాయాల్సిన మాటలు: 25 మైక్రాన్లు, రోల్డ్, అనీల్డ్, పూత లేనిది, ఆక్సిజన్ లేనిది, అట్టల మధ్య, లాట్ నంబరుతో సహా. ఒకే లాట్‌లో ఏడాదికి సరిపడా కొనుక్కుంటే నయం, ఎందుకంటే లాట్ మారితే అవే కేటలాగ్ నంబర్లతోనూ మొలకల సంఖ్య మారుతుంది, రెసిపీని మళ్లీ మొదటినుంచి సరిచూసుకోవాలి. విప్పిన ప్యాకెట్ డెసికేటర్‌లో (తేమ చేరని డబ్బాలో) ఉండాలి.

నీలంగా మారిన పర్‌సల్ఫేట్ సింకులో పోయకుండా విడి సీసాలో దాచండి. దాని మూత మాత్రం బిగించకండి. మిగిలిన పర్‌సల్ఫేట్ నెమ్మదిగా ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది, బిగించిన సీసా అలమరలో పగులుతుంది.